రాత పుస్తకం కోసం నిజామాబాదు పోనక్కర్లేదు

పది, పదకొండేళ్లు దాటిన పిల్లకు రాయడం నేర్పాలంటే ఒక వరస ఉందని అందరూ నమ్ముతున్నారు. ముందు చేతిరాత కుదరాలి. తర్వాత వ్యాకరణం రావాలి. అది వచ్చాక తప్పుల్లేని వాక్యం, వాక్యం పట్టుబడ్డాక పేరా, పేరాలు కుదిరాక వ్యాసం. ఈ మెట్లన్నీ ఎక్కించే పుస్తకమో కోర్సో ఎక్కడో ఉంటుంది, మంచిది చూసి కొనుక్కురావడమే తల్లిదండ్రుల పని. ఇంట్లో మాట్లాడే మాట మాత్రం ఆ మెట్ల దరిదాపులకు రావద్దు. పిల్లల్ని బడికి పంపేవాళ్లు నమ్మేది ఇదే. బడి మాన్పించి ఇంట్లో చదివించుకునేవాళ్లు నమ్మేదీ ఇదే. బడి మీద విశ్వాసం పోయినవాళ్లకు కూడా బడి రాత మీద విశ్వాసం పోలేదు.

ఈ వరస తలకిందులుగా ఉందని నేనంటాను. పదేళ్ల నుంచి పదమూడేళ్ల మధ్య పిల్లకు ముందు కావలసింది చెప్పడానికి ఒక సంగతి, అది తెలుసుకోవాలని ఎదురుచూసే ఒక మనిషి. వాక్యం, పేరా, వ్యాకరణం ఆ సంగతి వెంట నడిచి రావాలి. ఈ పనికి నిజామాబాదు జిల్లా సిరికొండలో ఇల్లు చాలు, ఊరు చాలు, చదువురాని అమ్మ కూడా చాలు.

మన దిక్కు పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించే కుటుంబాలు వేళ్ల మీద లెక్కపెట్టేంతే. వాళ్ల సంగతి మనకెందుకు అనుకోవద్దు. 2020 మార్చిలో బళ్లు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. సిరికొండలో, ధర్పల్లిలో, భీమ్‌గల్‌లో ప్రతి ఇల్లూ అప్పుడు బడే. టీవీ పాఠం చెప్పి ఊరుకుంది, రాయించే పని ఇంటి మీద పడింది. అక్కలు, అమ్మలు ఏం రాయించారు? పాఠం వెనక ప్రశ్నలకు గైడులోని జవాబులు. మన తెలుగు వాచకాల్లో ప్రతి పాఠం చివర స్వీయరచన అని ఒక భాగం ఉంటుంది, పిల్ల తన సొంతంగా ఆలోచించి రాయాల్సిన భాగం. ఆ భాగానికి కూడా జవాబులు అచ్చేసి అమ్ముతున్నారు, మనం కొంటున్నాం, పిల్లలు చూసి రాస్తున్నారు, మార్కులు పడుతున్నాయి. ఇందులో ఎవరికీ ఏ వింతా కనిపించడం లేదు.

ఇంకో వింత ఉంది. సరిగ్గా ఈ వయసులోనే మన పిల్లలు నవోదయలో ఆరో తరగతి సీటు కోసం, గురుకులాల్లో ఐదో తరగతి సీటు కోసం కోచింగులకు పోతారు. నవోదయ పరీక్ష 80 ప్రశ్నలు, రెండు గంటలు. గురుకుల ప్రవేశ పరీక్ష 100 మార్కులు. రెండింటిలోనూ భాష ఉంది, రాత లేదు. గుండ్రాలు నింపితే సరిపోతుంది. ఏడాది పాటు గుండ్రాలు నింపిన పిల్లతో ఆ తర్వాత వ్యాసం రాయమంటే ఆవు వ్యాసమే వస్తుంది: ఆవు సాధు జంతువు, ఆవు పాలిస్తుంది, పాలు ఆరోగ్యానికి మంచివి. జ్వరం రాకుండానే జ్వరం వచ్చిందని సెలవు చీటీ రాయడం అందరం నేర్చుకున్నాం. వార్తాపత్రికల వల్ల లాభాలు కూడా రాశాం, ఇంటికి పత్రిక రాకుండానే. ఇలాంటి రాతను ఇప్పుడు ఫోను అర నిమిషంలో రాసి పెడుతుంది, అక్షర దోషం లేకుండా. ఇన్నేళ్లు మెట్లెక్కించి తయారు చేసే సరుకు ఉచితంగా దొరుకుతున్నప్పుడు, ఆ మెట్ల కోసం డబ్బు పెట్టేవాళ్లు ఒకసారి ఆగి ఆలోచించాలి.

ఇంటి చదువు పిల్లలకు ఒక వెసులుబాటు ఉంది. వాళ్లు చివరికి పదో తరగతి ఓపెన్ స్కూలులో రాస్తారు. జాతీయ సంస్థలో అయినా, తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీలో అయినా 14 ఏళ్లు నిండితేనే పది. అంటే పది నుంచి పదమూడు దాకా ఎవరూ ఆ పిల్ల జవాబు పత్రం దిద్దరు. ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా చదువు పిల్లల హక్కని 2009 చట్టం అంటున్నది గాని, ఇంటి చదువుకు అందులో తనదంటూ చోటు లేదు. ఆ చిక్కు వేరే. నేను చెప్పేది ఆ మూడేళ్ల గురించి. పరీక్ష లేని ఆ మూడేళ్లను కూడా పరీక్ష రాతతోనే నింపుతున్నారు.

వ్యాకరణం సంగతి ముందు తేల్చుకుందాం, ఎందుకంటే ఈ నమ్మకానికి వెన్నెముక అదే. రాత నేర్పడం మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనలను అమెరికాలో ఇంగ్లీషు ఉపాధ్యాయుల మండలి తరఫున బ్రాడక్, లాయిడ్-జోన్స్, షోర్ అనే ముగ్గురు కూడబెట్టి 1963లో నివేదిక ఇచ్చారు. వ్యాకరణ సూత్రాలు విడిగా నేర్పడం వల్ల పిల్లల రాతకు ఒరిగేది దాదాపు ఏమీ లేదనీ, రాసే సమయాన్ని అది తినేస్తుంది కాబట్టి చెరుపు కూడా చేయగలదనీ తేల్చారు. 2007లో స్టీవ్ గ్రాహం, డొలోరెస్ పెరిన్ నాలుగో తరగతి నుంచి పన్నెండు దాకా పిల్లల మీద జరిగిన ప్రయోగాలను మళ్లీ లెక్కగట్టారు. విడిగా నేర్పిన వ్యాకరణం దగ్గర లెక్క సున్నాకు కిందికి పోయింది. పైన నిలిచినవేవి? రాసే ముందు ఎట్లా ఆలోచించాలి, రాశాక ఎట్లా దిద్దుకోవాలి అని పనిలో పెట్టి చూపించడం. చదివినదాన్ని కుదించి సొంత మాటల్లో చెప్పించడం. ఇద్దరు ముగ్గురు కలిసి రాయడం. చిన్న వాక్యాలను కలిపి పెద్ద వాక్యం చేయించడం కూడా బాగానే పనిచేసింది.

అవి ఇంగ్లీషు పిల్లల లెక్కలు, తెలుగుకు చెల్లుతాయా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. తెలుగు దగ్గర ఈ వాదం ఇంకా బలపడుతుందని నా జవాబు. మనం పిల్లలకు నేర్పే సంధులు, సమాసాల లెక్క చాలావరకు చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణం నుంచి వచ్చింది. అది పాత కావ్యాల భాషకు రాసిన వ్యాకరణం. ఇవాళ ఆ భాషలో ఎవరూ ఉత్తరం రాయరు, వార్త రాయరు, కథ రాయరు. పోనీ, అందులో ఇప్పటికీ నిలిచిన సూత్రాలున్నాయి కదా అంటే, అవి పిల్లకు ముందే వచ్చు. నాలుగేళ్ల పిల్ల ఊరంతా తిరిగొచ్చిన అంటుంది. అందులో ఉత్వ సంధి ఉందని ఏడేళ్ల తర్వాత మనం చెబుతాం, అప్పజెప్పమంటాం, తప్పితే మార్కులు కోస్తాం. మేడి, కర్రు, కాడి అని నాగలి భాగాలన్నీ వరసగా అప్పజెప్పించి, చాలు దున్నడం ఎందుకు రాలేదని పిల్లను నిలదీసినట్టుంది ఈ యవ్వారం. పిల్లకు పేరు తెలియాల్సిన రోజు వస్తుంది. రాసిన వాక్యం ఎక్కడో బెసికితే, ఎందుకు బెసికిందో చెప్పడానికి పేరు అవసరమైతే, అప్పుడు చెప్పండి. రెండు నిమిషాల్లో పట్టుకుంటుంది.

ఇంటి మాట రాతకు అడ్డం అన్న నమ్మకం వ్యాకరణం కన్నా ఎక్కువ చెరుపు చేస్తోంది. వ్యావహారిక భాష కోసం జరిగిన గొడవను మనం పెద్ద సాహిత్య యుద్ధంగా చెప్పుకుంటాం. ఆ గొడవకు నడిబొడ్డున ఉన్నది విద్యార్థి పరీక్షలో రాసే వ్యాసం. పాఠశాల, కళాశాల విద్యార్థులు కాంపొజిషన్ ఏ తెలుగులో రాయాలన్నదే 1910ల్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగువాళ్లను రెండుగా చీల్చింది. విశ్వవిద్యాలయం వేసిన కాంపొజిషన్ సంఘం తీరు నచ్చక గురజాడ అప్పారావు 1914లో పెద్ద అసమ్మతి పత్రమే రాశాడు. గిడుగు రామమూర్తి 1919లో ఇదే పని కోసం తెలుగు అనే పత్రిక నడిపాడు. కవులూ పండితులూ పోట్లాడుకున్నది పదిహేనేళ్ల పిల్లవాడి నోటుపుస్తకం మీద. అంటే రాత పాఠ్యక్రమం ఎంచుకోవడమన్నది మనకు కొత్తగా అమెరికా నుంచి దిగిన సమస్య కాదు, నూరేళ్లు దాటిన మన సొంత పంచాయితీ.

ఆ పంచాయితీలో వ్యావహారికం గెలిచింది, నిజమే. కానీ అచ్చులో స్థిరపడినది కృష్ణా, గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ల మాట. సిరికొండ పిల్ల మాట గెలిచిన పక్షంలోనూ లేదు, ఓడిన పక్షంలోనూ లేదు. 2014 తర్వాత కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవం అయింది. ఆ రోజు వేదికల మీద మన యాసలో ఉపన్యాసాలు చెబుతారు, చప్పట్లు కొడతారు. 10వ తేదీ నాడు పిల్ల నోటుపుస్తకంలో మా అమ్మ చాట ఒళ్లె వెట్టుకొని బీడీలు చేస్తది అని రాస్తే, ఒక్క వాక్యంలో మూడు చోట్ల ఎర్ర గీతలు పడతాయి. పిల్ల మరుసటి సారి ఏం చేస్తుంది? వాక్యాన్ని మార్చుకోదు, అమ్మ గురించి రాయడమే మానుకుంటుంది. గీత పడని ఆవు దగ్గరికి వెళ్లిపోతుంది.

ఇక్కడ అవతలివాళ్ల వాదం బలమైనదొకటి ఉంది. దాన్ని దాటేసి పోవడం సరికాదు. అమెరికాలో నల్లజాతి విద్యావేత్త లీసా డెల్పిట్ 1988లో గట్టిగా లేవనెత్తింది. స్వేచ్ఛగా రాయనివ్వండి, తప్పులు దిద్దవద్దు అనే ఉదార పద్ధతి ఎవరికి పనికొస్తుంది? ప్రామాణిక భాష ఇంట్లోనే విని పెరిగే మధ్యతరగతి పిల్లలకు. పేద పిల్లలకు అధికారంలో ఉన్న భాష నియమాలు ఎవరో విప్పి చెప్పకపోతే తెలియవు, తెలియకపోతే ఆ తలుపులు తెరుచుకోవు. బీడీలు చేసే ఇంటి పిల్లకు ఈ మాట నూటికి నూరుపాళ్లూ వర్తిస్తుంది. నీ యాస అందమైనది అని మెచ్చుకొని, కలెక్టరాఫీసుకు దరఖాస్తు రాయడం నేర్పకుండా వదిలేస్తే అది ప్రేమ కిందికి రాదు.

డెల్పిట్ మాటను ఒప్పుకుంటూనే నా వాదం నిలబడుతుంది. ఆమె అడిగింది నియమాలు దాచకుండా నేర్పమని, ఇంటి మాటను చంపి నేర్పమని అడగలేదు. నేను చెప్పేది వరస గురించి. మొదటి ప్రతి ఇంటి మాటలో రానివ్వండి, సంగతంతా కాగితం మీద పడనివ్వండి. తర్వాత ఇది ఎవరు చదవాలి అని అడగండి. దుబాయిలో ఉన్న బాబాయి చదివితే చేస్తది అలాగే ఉండాలి. పత్రికకు పంపితే చేస్తుంది అని మారాలి. బ్యాంకు మేనేజరుకైతే ఇంకో తీరు. ఈ మూడు ప్రతులు చేసిన పిల్లకు ప్రామాణిక భాష శిక్షగా రాదు, ఒక అవసరంగా వస్తుంది. డెల్పిట్ అడిగిన తాళంచెవి దొరుకుతుంది, ఇంటి తలుపు మూయకుండా.

స్వేచ్ఛ అంటే గాలికి వదిలేయడం అని భయపడేవాళ్లు బార్బియానా సంగతి తెలుసుకోవాలి. ఇటలీలో ఫ్లారెన్సుకు ఎగువన కొండల్లో చిన్న పల్లె అది. 1954లో లోరెంజో మిలానీ అనే క్రైస్తవ గురువును అక్కడికి పంపారు. ప్రభుత్వ బళ్లు ఫెయిల్ చేసి తరిమేసిన రైతుల పిల్లల్ని ఆయన కూడేసి బడి పెట్టాడు. 1967లో ఆ బడి పిల్లలు ఎనిమిది మంది కలిసి, తమను ఫెయిల్ చేసిన ఒక పంతులమ్మను ఉద్దేశించి పుస్తకమంత ఉత్తరం రాశారు. ఎన్నో భాషల్లోకి వెళ్లింది. ఎట్లా రాశారో కూడా అందులోనే చెప్పారు, నన్నడిగితే ఆ పుస్తకంలో అన్నిటికన్నా విలువైన భాగం అదే. ప్రతి పిల్లవాడి జేబులో చిన్న నోటుపుస్తకం. తట్టిన ప్రతి ఊహా ఒక్కో చీటీ మీద, ఒక వైపే. ఒకరోజు చీటీలన్నీ పెద్ద బల్ల మీద పరిచి, ఒకే సంగతి రెండుసార్లు వచ్చినవి తీసేస్తారు. కలిసే చీటీలను కుప్పలు పోస్తారు, ఒక్కో కుప్ప ఒక్కో అధ్యాయం. కుప్పలో మళ్లీ చిన్న కుప్పలు, అవి పేరాలు. పేరు పెట్టలేని పేరాను తీసేస్తారు, లేదా రెండు చేస్తారు. ఏది ముందు, ఏది వెనక అని వాదించుకుంటారు. రాశాక కత్తెర, జిగురు పట్టుకొని మళ్లీ మారుస్తారు. ఆ తర్వాత పోటీ: ఎవరు ఎక్కువ మాటలు కోసేస్తారు, ఎవరు వాక్యం చెడకుండా దాన్ని పొట్టి చేస్తారు. చివరికి బయటి మనుషులను ఒక్కొక్కరినే పిలిచి గట్టిగా చదివిస్తారు. అందుకు పెద్దగా చదువుకోనివాళ్లయితేనే వాళ్లకు ఇష్టం. అర్థమైందా లేదా అని ముఖాలు చూస్తారు.

ఇందులో గాలికి వదిలింది ఏముంది? మెట్ల పుస్తకం ఇచ్చే క్రమశిక్షణ కన్నా ఇది పదింతలు కఠినం. అది అచ్చుపుస్తకం నుంచి వచ్చిన క్రమం కాదు, చెప్పాల్సిన సంగతి నుంచి వచ్చిన క్రమం. ఫ్రాన్సులో 1920ల్లోనే సెలెస్తాన్ ఫ్రెనే పల్లె బడిలో చిన్న అచ్చు యంత్రం పెట్టి, పిల్లల రాతలను పిల్లల చేతనే అచ్చేయించి దూరపు బడి పిల్లలకు పంపించాడు. వాళ్లు తిరిగి రాసేవారు. ఉలిపికట్టె వాక్యం అచ్చులో కనిపిస్తే పిల్లలు తామే సిగ్గుపడి మార్చుకుంటారు, పంతులు అరవనక్కర్లేదు.

ఇప్పుడు సిరికొండకు వద్దాం. బీడీలు చేసే ఇంట్లో పన్నెండేళ్ల పిల్ల ఉంది. ఆ పిల్లకు పది రోజుల పని: అమ్మ చేసే పని, ఆ పని ఎప్పుడూ చూడనివాళ్లకు అర్థమయ్యేట్టు రాయాలి. ఆకు ఎప్పుడు నానబెడతారు, ఎట్లా కత్తిరిస్తారు, తంబాకు ఎంత పోస్తారు, దారం ఏ వేలితో చుడతారు. కట్టకు ఎన్ని బీడీలు, వెయ్యికి ఎంత కూలి, కార్ఖానాలో పక్కన పడేసేవి ఎవరి లెక్కలో పోతాయి. పీఎఫ్ అంటే ఏమిటి. నెలకు 2,016 రూపాయల బీడీ కార్మికుల భృతి పక్కింటామెకు వస్తుంది, అమ్మకు రాదు, ఎందుకని. ఒక్కో జవాబు ఒక్కో చీటీ. రెండో రోజుకే పిల్లకు తెలియని చోట్లు బయటపడతాయి. ఆకు ఎక్కడిది? తాతనడగాలి. తాత ఎండాకాలంలో తునికాకు తెంపడానికి అడవికి పోయిన రోజులు చెబుతాడు, ఏబై ఆకులకు ఒక కట్ట, కల్లం దగ్గర లెక్క, ఆకు రేటు కోసం జరిగిన పోరాటాలు. చీటీలు ఎక్కువైపోతాయి. తాత మాటలు ఇదే వ్యాసంలో పెట్టాలా, ఇంకోటి రాయాలా? ఆ పిల్ల ఆ ప్రశ్న వేసుకున్న క్షణం వ్యాస నిర్మాణం నేర్చుకున్నట్టే, ఏ పుస్తకంలోనూ పేరా నిర్వచనం చదవకుండా.

రాసింది అమ్మకు చదివి వినిపించాలి. అమ్మకు చదువు రాకపోవచ్చు. ఆకు అట్ల కోయం బిడ్డా, ఈనె పక్కకు రావాలె అంటుంది. ఈ సవరణ చేయగల పండితుడు నిజామాబాదు జిల్లాలో లేడు. ఇంటి చదువు అనగానే, మేం చదువుకోలేదు, మేమేం నేర్పుతాం అని తల్లులు వెనక్కి పోతారు. ఎర్ర పెన్ను పట్టాలనుకుంటే నిజంగానే కష్టం. వినడానికి, ఎవరు, ఎప్పుడు, ఎందుకు అని అడగడానికి ఏ చదువూ అడ్డం రాదు. బార్బియానా పిల్లలు వెతికి తెచ్చుకున్న పాఠకురాలు ఈ ఇంట్లో పొయ్యి దగ్గరే ఉంది.

పసుపు పండించే ఇంట్లో అయితే విషయం ఇంకోటి: విత్తనం నుంచి ఉడకబెట్టి, ఎండబోసి, మార్కెట్లో కాడి వేరు, మండ వేరు చేసి అమ్మేదాకా. 2019 పార్లమెంటు ఎన్నికల్లో నిజామాబాదు నుంచి 170 మందికి పైగా రైతులు ఎందుకు పోటీకి నిలబడ్డారో నాన్నను అడగాలి. 2025 జనవరిలో పసుపు బోర్డు వచ్చింది కదా, ఇంట్లో ఏం మారిందో అడగాలి. బోధన్ దిక్కు మేనమామ ఉంటే, 1930లలో కట్టిన శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డ రోజు గురించి అక్కడ పనిచేసినవాళ్లను అడగాలి. గల్ఫ్ నుంచి వచ్చే వాయిస్ మెసేజీలు విని, వాటిని రాతలో పెట్టడం కూడా పనే. మాట రాతగా మారేటప్పుడు ఏది పోతుంది, ఏది కొత్తగా చేర్చాలి అన్నది ఆ ఒక్క పనిలో పిల్లకు తెలిసిపోతుంది. నెలకు రెండు రాతల చొప్పున మూడేళ్లకు సరిపడా విషయం సిరికొండ చుట్టుపక్కలే ఉంది. ఇవేవీ ఫోనుకు తెలియవు. అమ్మ చెప్పిందేమిటో అది రాయలేదు.

ఇంగ్లీషు సంగతేమిటి అంటారు. 2022-23 నుంచి సర్కారు బళ్లలో కూడా ఇంగ్లీషు మీడియం వచ్చింది, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. ఇంటి చదువు తల్లిదండ్రుల్లో చాలామంది అమెరికా కోర్సుల వైపు చూసేది ఈ బెంగతోనే. ఆ కోర్సులన్నీ పనికిమాలినవని నేననను. సుసాన్ వైజ్ బావర్ పుస్తకాల్లో విని తిరిగి చెప్పించడం, కుదించి రాయించడం ఉన్నాయి. ఆండ్రూ పుడెవా పద్ధతిలో ఒక్కో వాక్యం నుంచి రెండు మూడు ముఖ్యమైన మాటలు తీసి వాటితో మళ్లీ రాయించడం ఉంది. జూలీ బోగార్ట్ అయితే ముందు మనసు విప్పి రాయనివ్వమంటుంది. పైన చెప్పిన 2007 లెక్కలో నిలబడే అంశాలు వీటిలో ఉన్నాయి. కానీ అవి అమెరికా ఇళ్ల కోసం, ఇంగ్లీషు ఇంటి భాషగా ఉన్న పిల్లల కోసం రాసినవి. మన పిల్లకు అందులో ఒకేసారి రెండు బరువులు పడతాయి: ఏం చెప్పాలో తెలియదు, చెప్పే భాష రాదు. రెండూ మోయలేక పిల్ల నమూనా జవాబు చూసి రాస్తుంది. అంటే గైడు దగ్గరికే తిరిగొచ్చాం, ఖరీదు మాత్రం పెరిగింది.

ఒక భాషలో అబ్బిన ఆలోచనా శక్తి ఇంకో భాషకు ఆసరా అవుతుందని కెనడా పండితుడు జిమ్ కమిన్స్ 1979 నుంచి చెబుతున్నాడు. స్పెల్లింగు ఒక భాష నుంచి ఇంకో భాషకు పోదు, పదాలు పోవు. సంగతిని వరసలో పెట్టడం, చదివేవాడికి ఏది తెలియదో ఊహించడం, అక్కర్లేనిది కోసేయడం పోతాయి. కాబట్టి బీడీల వ్యాసం తెలుగులో పూర్తయ్యాక, అందులో ఒక పేరా ఇంగ్లీషులో రాయించండి. రోజూ ఒక పావుగంట చిన్న ఇంగ్లీషు వాక్యాలను కలిపి పెద్ద వాక్యం చేయించండి. ఇంగ్లీషుకు అంత కష్టం చాలు ఈ వయసులో. రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణ పుస్తకం మరో రెండేళ్లు అలమరలో ఉన్నా ఏం కాదు.

పుస్తకాలే వద్దంటున్నానని అపార్థం చేసుకోవద్దు. నేర్పే పుస్తకాలకు బదులు, చదివే పుస్తకాలు కావాలి. పిల్లలు రాసినవి పిల్లలకు ఇవ్వండి. సిద్దిపేట జిల్లా జక్కాపూర్ సర్కారు బడి పిల్లల కథలు పుస్తకంగా వచ్చాయి. అనంతపురం వైపు నుంచి కొత్తపల్లి అనే పిల్లల పత్రిక వచ్చింది, అందులో పల్లె పిల్లలు తాము విన్నవీ కన్నవీ రాశారు. తనంత వయసు పిల్ల కూడా అచ్చులోకి పోవచ్చన్న సంగతి ఏ పాఠం కన్నా ఎక్కువ పనిచేస్తుంది. గిజుభాయి పగటికల, తొత్తోచాన్ కథ రైలుబడి తెలుగులో ఉన్నాయి. అవి పిల్లల కన్నా ముందు తల్లిదండ్రులు చదవాలి.

వీలైతే ఒకసారి పిల్లను నిజామాబాదు ఖిల్లాకు తీసుకుపొండి. నిజాం రోజుల్లో అక్కడి జైల్లో దాశరథి బొగ్గుతో గోడ మీద కవిత్వం రాశాడు. పక్కనే ఉన్నవాడు వట్టికోట ఆళ్వారుస్వామి. ఆయన పెద్ద చదువులు చదవలేదు. ఒకరింట వంట చేసి, హోటల్లో సర్వరుగా చేసి, పత్రికలో ప్రూఫులు దిద్ది, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, తెలంగాణ పల్లెను నవలలోకి తెచ్చాడు. ఒక్క ఆళ్వారుస్వామిని చూపి వాదం గెలిచానని అనను, అలాంటివాళ్లు ఏ పద్ధతిలోనైనా రాస్తారు. చెప్పాల్సిన సంగతి ఉన్నవాడికి గోడా బొగ్గూ కూడా సరిపోయాయని మాత్రం పిల్లకు తెలుస్తుంది.

తప్పులు ఎప్పుడు దిద్దాలి అని అడుగుతారు. సంగతి తేలిన తర్వాత, చివరి ప్రతిలో, ఒకసారికి రెండు రకాల తప్పులు మాత్రమే. ఈ నెల ఒత్తులు, వచ్చే నెల వాక్యం ఎక్కడ ఆపాలో. పిల్ల చేతనే దిద్దించండి. చేతిరాత చదవగలిగేలా ఉంటే చాలు, ముత్యాలు కానక్కర్లేదు. ఏడాది చివర మొదటి రాత, ఆఖరి రాత పక్కపక్కన పెట్టుకొని చూడండి. ఆ పిల్ల పురోగతికి అంతకన్నా వేరే పరీక్ష అక్కర్లేదు.

ఇది చదివిన తల్లిదండ్రులకు ఒక విన్నపం. కోర్సుకు డబ్బు కట్టే ముందు పదిహేను రోజులు ఆగండి. ఇంట్లో మీరు చేసే పని ఒకటి పిల్లకు అప్పజెప్పి, అది తెలియని మనిషి కోసం రాయమనండి. గిట్ల రాయొద్దు అనకండి. రాసింది చదివించుకొని వినండి, అర్థం కాని చోట అడగండి, మళ్లీ రాయించండి. ఆ కాగితం గల్ఫ్‌లోనో, ముంబయిలోనో, హైదరాబాదులోనో ఉన్న మీ మనిషికి పంపి, తప్పకుండా జవాబు రాయమని చెప్పండి. ఆ తర్వాత కూడా కోర్సు అవసరం అనిపిస్తే, అప్పుడు కొనండి.